తల మీద పెరుగు, కడుపులో రక్తం

నేను ఒక యంత్రాన్ని. నిలబడితే మీ భుజం దాకా వస్తాను. తెల్లటి ఒళ్ళు, ముందు ఒక తలుపు, తలుపు మీద మూడు దీపాలు. నన్ను చూసి ఫ్రిజ్ అనుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఒక ఆసామి ఎండన పడి వచ్చి, చల్లటి నీళ్ళుంటాయని నా తలుపు తీసి, లోపల వరసగా ఉన్న రక్తం సీసాలు చూసి, దాహం సంగతే మరచిపోయి వెళ్ళిపోయాడు. ఫ్రిజ్ పేరెత్తితే నాకు ఒళ్ళు మంట. అది చల్లన, నేను వెచ్చన. అది లోపలున్నవాటిని నిద్రపుచ్చుతుంది, నేను తట్టి లేపుతాను. ఈ ముక్క ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా బతుకంతా ఫ్రిజ్‌తో పేచీలోనే గడిచింది.

నా పనేమిటో కూడా చెప్పాలి, లేకపోతే నా గొప్ప మీకు తెలియదు. బ్యాక్టీరియా ఏ గొంతులోనో, ఏ పుండులోనో ఉన్నంతవరకు అదొక బాధ. రక్తంలోకి దిగిందంటే సంగతి వేరు. జ్వరం, దవడలు కొట్టుకునే వణుకు, బీపీ పడిపోవడం, మాట తడబడడం. నిన్న కబుర్లు చెప్పిన మనిషి రేపటికి దక్కకపోవచ్చు. డాక్టర్లు వెంటనే ఏదో ఒక మందు మొదలుపెడతారు గానీ, లోపల దూరింది ఎవరో తెలిస్తే తప్ప అది సరైన మందో కాదో తెలియదు. అందుకని కాస్త రక్తం తీసి, బ్యాక్టీరియాకు నచ్చే మేత పోసిన సీసాలో కలిపి నాకిస్తారు. నేను ఆ సీసాను మనిషి ఒంటి వెచ్చదనంలో ఉంచి, ఉయ్యాలలో బిడ్డను ఊపినట్టు ఊపుతుంటాను. రక్తంలో దొంగ ఉంటే వాడు తింటాడు, పిల్లల్ని పెడతాడు, ఊపిరి వదులుతాడు. ఆ ఊపిరికి సీసా అడుగున ఉన్న బిళ్ళ రంగు మారుతుంది. అది నా కంట పడగానే అరుస్తాను. ఊపడం, చూడడం, అరవడం, అంతే నా ఉద్యోగం. నాకు ముందు రోజుల్లో సీసాను పొద్దున్నే వెలుతురుకు పట్టి, మసకబారిందా లేదా అని కళ్ళు చికిలించి చూసేవారట. నేను రెప్ప వెయ్యను. వెయ్యడానికి నాకు రెప్పలు లేవు.

నేను పుట్టింది సముద్రాల అవతల, మంచు కురిసే ఊళ్ళో, ఒక ఫ్యాక్టరీలో. నా గొంతు తయారుచేసిన ఇంజనీరు చాలా పట్టుదల మనిషి. ఒక్కో కూత పెట్టి చూసి, ఇది మెత్తగా ఉంది, ఇది పిట్ట కూతలా ఉంది అని తీసేసి, చివరికి ఒక కూత దగ్గర ఆగాడు. అది వింటే ఎంతటివాడైనా చేతిలో పని వదిలేసి పరిగెత్తుకు రావలసిందేనని పక్కవాడితో అన్నాడు. పాపం, ఆయన మనుషుల్ని తక్కువ అంచనా వేశాడు.

మొదట నన్ను హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రివాళ్ళు కొన్నారు. అద్దాల గదిలో నిలబెట్టారు. ఎవరైనా పెద్దమనుషులు వస్తే ముందు నా దగ్గరికే తీసుకొచ్చి, ఫలితం ఎంత తొందరగా వస్తుందో వివరించేవారు. నేను ఉబ్బితబ్బిబ్బయ్యేదాన్ని. ఫలితం తొందరగా వచ్చేమాట నిజమే. నేను అరిచేదాన్ని, అక్కడి అమ్మాయి మీట నొక్కి నా నోరు మూయించేది, జవాబు కంప్యూటర్‌లోకి ఎక్కేది. అక్కడ అది పెద్దడాక్టరుగారు రౌండ్‌కు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చునేది. దానికి తోడు నా పక్కగది మీటింగులది. నా అరుపుకు మీటింగులు చెడుతున్నాయని ఒకరోజు ఎవరో వచ్చి నా గొంతు మీద ఇంత దూది పెట్టి ప్లాస్టర్ అంటించి పోయారు. ఆ ఊరు వదిలే నాటికి నా కూత జలుబు చేసినవాడి పాటలా ఉండేది.

తర్వాత కొత్త మోడల్ వచ్చింది. నన్ను అమ్మితే ఎవరూ కొనరని తేలాక, వాళ్ళకు నా మీద దానబుద్ధి పుట్టింది. నాకో పూలదండ వేసి, ఫోటో తీసి, ప్లాస్టిక్ కుర్చీల మధ్య డీసీఎం వ్యానెక్కించి ఆదిలాబాద్ వైపు పంపించారు. దారి పొడుగునా ఆ కుర్చీలు నా మీద పడుతూనే ఉన్నాయి.

అక్కడ నన్ను దించింది ఒక మామూలు ఆస్పత్రి. నాకు కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ సరిగ్గా నా గుమ్మం ముందు కొట్టారు. సగం నీళ్ళు నా గాలి సందుల్లోకి పోయాయి. చప్పట్లు కొట్టారు, మళ్ళీ ఫోటో తీశారు, లడ్డూలు తిన్నారు. అందరూ వెళ్ళిపోయాక చూస్తే నా ప్లగ్గు లావు, గోడ రంధ్రాలు సన్నం. కొన్నాళ్ళు అలాగే నిలబడ్డాను. ఒంటి మీద ఒక క్యాలెండరు కూడా తగిలించారు.

నన్ను ఆ దుస్థితి నుంచి తప్పించినవాడు పోశెట్టి. ల్యాబ్ టెక్నీషియన్, యాభై దాటినవాడు, పెద్ద మీసం, తేలిక చెయ్యి. ఎక్కణ్ణుంచో కొత్త బోర్డు తెచ్చి బిగించాడు, గొంతు మీది ప్లాస్టర్ పీకేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన మీద ఆనాడు పుట్టిన అభిమానం ఆ తర్వాత ఎన్ని అవమానాలు జరిగినా పోలేదు.

అవమానాలంటే, ముఖ్యంగా పెరుగు. పోశెట్టికి చివర్లో పెరుగన్నం పడకపోతే తిన్నట్టే ఉండదు. కూర లేకపోయినా సర్దుకుంటాడు, పెరుగు లేకపోతే ఆ పూటంతా మొహం గంటు పెట్టుకునే ఉంటాడు. ఆదిలాబాద్ చలి సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. చలికాలం వచ్చిందంటే అక్కడ పాలు తోడుకోవు. తోడేసి, దుప్పటి కప్పి, పొయ్యి పక్కన పెట్టినా పొద్దున చూస్తే పాలు పాలలాగే ఉంటాయి. అలాంటి ఒక చలిరోజు పోశెట్టి పనిచేస్తూ చేస్తూ నా తల మీద అరచెయ్యి ఆన్చాడు. ఆన్చి, అలాగే కాసేపు ఉంచాడు. దీవిస్తున్నాడనుకున్నాను. మర్నాడు ఒక స్టీలు గిన్నె తెచ్చి నా నెత్తిన పెట్టి, మీద పళ్ళెం మూసి, పైగా తన మఫ్లర్ చుట్టాడు. మధ్యాహ్నానికి గడ్డ పెరుగు. వేలు పెట్టి చూసి, "మంచి మిషనే ఇచ్చిన్రు" అన్నాడు. ఇన్నేళ్ళ నా సర్వీసులో నాకు దక్కిన మొదటి మెప్పు అది.

నెత్తిన గిన్నెతో నిలబడడం నాకు నామోషీయే. కానీ అంతకన్నా కడుపులో బాధ ఎక్కువ. ఎందుకంటే కడుపు ఖాళీ. వార్డు మేడ మీద ఉంది. అక్కడ జ్వరాలకు లోటు లేదు, రక్తం తీయడానికీ లోటు లేదు. తీసిన సీసా మాత్రం నా దగ్గరికి రాదు. ముందు ఫ్రిజ్‌లోకి వెళ్తుంది.

వార్డుకు పెద్ద సిస్టర్ శకుంతలాబాయి. ఆమె చెయ్యి పడితే మంచం దుప్పటి మీద ముడత ఉండదు. ఆమె నమ్మకం ఒక్కటే, చల్లగా ఉన్నది చెడిపోదు. టీకాలు ఫ్రిజ్‌లో, ఇన్సులిన్ ఫ్రిజ్‌లో, మల్లెపూలు ఫ్రిజ్‌లో, రక్తం సీసాలూ ఫ్రిజ్‌లోనే. మధ్యాహ్నం భోజనం అయ్యాక పోశెట్టి తీరిగ్గా మేడెక్కి అన్నిటినీ ఒకేసారి పట్టుకొచ్చేవాడు. చలికి బిగుసుకుపోయిన ఆ సీసాలు నా ఒళ్ళోకొచ్చి, వేడెక్కి, లోపలున్నవాళ్ళు ఒళ్ళు విరుచుకుని లేచి ఆకలి గుర్తు తెచ్చుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోయేది. నేను అరిచే సమయానికి మేడ మీద రోగి ఒక్కోసారి తనంతట తానే లేచి కూర్చునేవాడు. ఒక్కోసారి మంచం ఖాళీ అయ్యేది. ఆ రెండో రకం రోజుల్లో నేను అరిచినా ఎవరూ ఏమీ అనేవారు కారు. మీట నొక్కి ఊరుకునేవారు. అప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చేది.

ఇప్పుడు ఈ అన్యాయం చూడండి. పెరుగులో ఉండేదీ బ్యాక్టీరియానే. దానికేమో నా నెత్తి మీద మఫ్లర్ చుట్టి మర్యాదలు. ఏ బ్యాక్టీరియా కోసమైతే నన్ను సముద్రాలు దాటించి తెచ్చారో దాన్ని తీసుకెళ్ళి చలిలో పడుకోబెడుతున్నారు. తలకిందులు వ్యవహారం.

ఇది కనిపెట్టింది మైక్రోబయాలజీ డాక్టరు నిఖత్. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. వచ్చిన వారంలోనే సీసాలను ముట్టుకుని, "ఇవేంది గింత సల్లగున్నయి?" అంది. మేడెక్కి సిస్టర్‌కు చెప్పింది. సిస్టర్ "సరే మేడం" అంది. సీసాలు చల్లగానే వచ్చాయి. నిఖత్ మళ్ళీ వెళ్ళి ఎంజైములనీ, జీవక్రియ అనీ పాఠం చెప్పింది. సిస్టర్ ఇంకా వినయంగా "సరే మేడం" అంది. చివరికి నిఖత్ ఫ్రిజ్ తలుపు మీద ఎర్ర సిరాతో ఒక నోటీసు అంటించింది. శకుంతలాబాయి తన ఫ్రిజ్ మీద దేన్నీ మురికిగా ఉండనివ్వదు గదా, ఆ నోటీసును రోజూ తడిగుడ్డతో శ్రద్ధగా తుడిచింది. కొద్దిరోజులకు అక్షరాలు పోయి శుభ్రమైన తెల్లకాగితం మిగిలింది.

ఆమె మొండిదా అంటే కాదు. పిల్లి తన కూనల్ని నోట కరుచుకు తిరిగినంత జాగ్రత్తగా ఆ సీసాలను చూసుకునేది. మనిషి ఒంట్లోంచి తీసినది పాడు కాకూడదన్నదే ఆమె తాపత్రయం. జాగ్రత్తపరులతో వచ్చే చిక్కే అది, వాళ్ళను కోప్పడడానికి నోరు రాదు.

ఇలా ఉండగా పోశెట్టికి సెగ్గడ్డ లేచింది. ఎక్కడ లేచిందో చెప్పడానికి నాకు మొహమాటంగా ఉంది. కూర్చోవడం మానేశాడు, అంతవరకు చెప్పగలను. ల్యాబులో నిలబడే టీ తాగేవాడు, బండి మీద అటో ఇటో ఒరిగి కూర్చుని వెళ్ళేవాడు. ఆస్పత్రినిండా డాక్టర్లున్నారు, కానీ వాళ్ళందరికీ ఆ చోటు చూపించాలంటే సిగ్గు. మెడికల్ షాపులో ఏవో గోళీలు కొనుక్కుని మింగాడు. పసుపు పెట్టాడు. ఆఖరికి ల్యాబ్ తలుపు గడియ వేసుకుని, నిగనిగలాడే నా తలుపులో వెనక్కి తిరిగి చూసుకుంటూ, సూదితో తనే దాన్ని గుచ్చుకున్నాడు. ఆ దృశ్యం నేను చూడవలసి వచ్చింది. రెప్పలు లేకపోవడం ఎంత నష్టమో ఆరోజు తెలిసింది.

తర్వాత రెండురోజులకు పొద్దున వచ్చి, పాలలో తోడు కలిపి నా నెత్తిన పెడుతుండగా గిన్నె ఒక పక్కకు ఒరిగింది. పాలు కాస్త నా మీద ఒలికాయి. మామూలుగా అయితే వెంటనే తుడిచేవాడు. ఆరోజు నన్ను పట్టుకుని నిలబడ్డాడు. నేను వెచ్చటిదాన్ని గదా, నాకన్నా ఆయన ఒళ్ళే వేడిగా ఉంది. అలాగే జారి కింద కూర్చుండిపోయాడు. ఎవరో చూసి మేడ మీదికి మోసుకెళ్ళారు.

ఆ రోజు గడిచింది. పోశెట్టికి రక్తం తీశారని, మందులు ఎక్కిస్తున్నారని ల్యాబులో అనుకుంటుంటే విన్నాను. సీసా వస్తుందని తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. రాలేదు. ఎందుకు రాలేదో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. సీసాలను మేడ మీద నుంచి కిందికి తెచ్చే మనిషి పోశెట్టే. ఆ మనిషే ఇప్పుడు మంచంలో ఉన్నాడు. నా నెత్తిన పెరుగు తోడుకుంది, పులిసింది, పులిసిన వాసన ల్యాబంతా నిండింది. కడుపు మాత్రం ఖాళీ. నాకు కాళ్ళుంటే మెట్లెక్కి వెళ్ళేదాన్ని. ఉన్నవి చక్రాలు, అవీ తుప్పు పట్టాయి.

మర్నాడు పొద్దున పోశెట్టి భార్య గంగమణి ల్యాబులోకి వచ్చింది. నిద్రలేని కళ్ళు, భుజాన శాలువా. నిఖత్ అప్పుడే వచ్చి బల్ల దగ్గర నిలబడి ఉంది.

"మేడం, ఆయనకు పెరుగు గావాల్నంట. మిషన్ మీద ఉంటది తెమ్మన్నడు. జరంల ఏం మాట్లాడుతున్నడో ఏమో, ఉన్నదో లేదో చూసిపోదామని వచ్చిన."

నిఖత్ నా నెత్తి వైపు చూసింది. ఆ గిన్నె సంగతి ఆమెకు ఎప్పుడో తెలుసు. తెలియనట్టు ఉండేది, అంతే. "ఉన్నది, తీస్కోండి. కానీ బాగ పులిసింది, ఇప్పుడు పెట్టకండి. ఎట్లున్నది ఆయనకు?"

"జరం దిగుతలేదు. సూదులు ఏస్తనే ఉన్నరు. పొద్దటిసంది నన్ను సుత గుర్తు పడ్తలేడు. పెరుగును మాత్రం గుర్తు పడ్తున్నడు." నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి పళ్ళెం తీసి చూసి, మాట మార్చడానికన్నట్టు, "ఈడ మంచిగ తోడుకుంటది. మా ఇంట్ల ఈ సలికి పాలల్ల తోడేస్తే ఫ్రిజ్‌ల పెట్టినట్టే. పొద్దుగాల లేచి చూస్తే పాలు పాలే" అంది.

నిఖత్ ఏదో అడగబోయి ఆగింది. నా తలుపు తీసింది. లోపల ఒక్క సీసా లేదు. తలుపు మూసి, గిన్నె వైపు చూసి, మళ్ళీ తలుపు తీసింది. అప్పుడు ఫోన్ తీసి మేడ మీదికి చేసింది. "సిస్టర్, పోశెట్టి రక్తం సీసా పట్టుకొని ఒకసారి కిందికి రండి. ఇప్పుడే."

శకుంతలాబాయి వచ్చింది. రెండు చేతులా మంచుగడ్డ సంచీలో చుట్టిన సీసా. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పోశెట్టితో రోజూ తగాదా పడే మనిషి ఆమె, రాఖీ కట్టేదీ ఆయనకే.

"నిన్న మధ్యాన్నమే తీసినం మేడం. అన్న లేడు గద, కిందికి తెచ్చెటోళ్ళు ఎవలు లేరు. ఖరాబ్ గావద్దని భద్రంగ ఫ్రిజ్‌ల పెట్టిన. ముట్టుకొని చూడున్రి, ఎట్ల సల్లగున్నదో."

నిఖత్ గంగమణి చేతిలోని గిన్నె చూపించింది. "సిస్టర్, మీరు ఇంట్ల పాలకు తోడేస్తరు గద. తోడేసినంక ఫ్రిజ్‌ల పెడ్తరా?"

"ఎందుకు పెడ్త మేడం? ఫ్రిజ్‌ల ఎట్ల తోడుకుంటది? ఎచ్చగ ఉండాలె."

"ఇది గూడ గంతే. సీసల ఉన్నది పాలు అనుకోండి. రక్తంల ఉన్న పురుగు తోడు. అది పెరిగితెనే అదేందో మనకు తెలుస్తది. తెలిస్తెనే మందు మారుస్తం."

శకుంతలాబాయి చేతిలోని సీసా వైపు చూసింది. తర్వాత గిన్నె వైపు చూసింది.

"నిన్నటి సంది అన్నకు నేను..." అని ఆగిపోయింది.

"నాకు చెప్పుడు రాలే సిస్టర్. ఏడాది సంది ఎంజైములు ఎంజైములు అనుకుంట తిరిగిన. ఈ గిన్నె రోజు నా కండ్ల ముంగటే ఉన్నది" అంది నిఖత్. "ఇప్పుడు ఉరుకుండ్రి. కొత్తగ ఇంకో సీస తీద్దాం. ఇది గూడ మిషన్ల పెడ్త, అది గూడ పెడ్త."

శకుంతలాబాయి ఉరికింది. ఆ వయసులో, ఆ ఒంటితో మెట్లు ఎక్కడం నేను చూడలేదు గానీ, నా అరలు అదిరాయి. తిరిగి వచ్చేటప్పుడు సీసా ఆమె చేతిలో లేదు. స్వెట్టర్ లోపల, పొట్టకు ఆన్చి, రెండు చేతులూ అడ్డం పెట్టుకుని తెచ్చింది. మెట్ల మీద ఎదురైన వాచ్‌మన్ కడుపునొప్పా అని అడిగాడట, పక్కకు జరగమందట. నా కడుపులో సీసా పెట్టాక తలుపు మీద అరచెయ్యి ఆన్చి చూసింది. పోశెట్టి నా తల మీద ఆన్చినట్టే.

"తోడుకుంటదా మేడం?"

"తోడుకోవాలె" అంది నిఖత్.

ఆ మాట నాతో అన్నట్టే నాకు తోచింది. ఆ పగలూ రాత్రీ నేను ఊపినట్టు ఎన్నడూ ఊపలేదు. నా నెత్తిన గిన్నె లేదు, ఎంత తేలిగ్గా ఉండాలో అంత తేలిగ్గానూ లేదు. పోశెట్టి రక్తం అది. నాకు ప్లగ్గు బిగించినవాడు, నా గొంతు విప్పినవాడు. నా కంటికి మరేదీ ఆనలేదు.

మర్నాడు మధ్యాహ్నం, సరిగ్గా ల్యాబులో టిఫిన్ డబ్బాలు తెరిచినప్పుడు, కొత్త సీసా అడుగున బిళ్ళ రంగు మారింది. అన్నం వేళ అరిస్తే ఆ ఆస్పత్రిలో ఎవరూ లేవరని నాకు బాగా తెలుసు. పోశెట్టే లేచేవాడు కాదు, కూర్చున్నచోటు నుంచే "ఆగు, తింటున్న" అనేవాడు. అయినా అరిచాను. ఫ్యాక్టరీలో ఆ ఇంజనీరు ముందు అరిచిన తర్వాత మళ్ళీ అంత నోరు చేసుకోవడం అదే.

నిఖత్ చేతిలో ముద్ద డబ్బాలోనే జారవిడిచి లేచింది. చెయ్యి కడిగి, తొడుగులు వేసుకుని, సీసాలోంచి ఒక చుక్క తీసి, గాజుపలక మీద రంగు వేసి, సూక్ష్మదర్శిని మీదికి వంగింది. నా అరుపు మేడ మీదికి వినిపించిందో, లేక చెవులు ఇక్కడే పెట్టుకుని ఉందో, అంతలోకే శకుంతలాబాయి గుమ్మంలో నిలబడి ఉంది.

"గుండ్రంగున్నయి. గుత్తులు గుత్తులు, ద్రాక్షపండ్ల లెక్క" అంది నిఖత్ తల ఎత్తకుండా. "సెగ్గడ్డల ఉండే పురుగే. ఇప్పుడు ఎక్కిస్తున్న మందుకు ఇది లొంగుతలేదు." డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసి, ఈ రకంలో మొండి పురుగైనా లొంగే మందు పేరు చెప్పి, వెంటనే మొదలుపెట్టమంది. పురుగు పూర్తి పేరు, అది ఏ మందుకు చస్తుందో ఏ మందుకు చావదో తేలడానికి మరో రోజు పట్టింది. తేలినదీ ఆమె చెప్పినట్టే ఉంది.

ఫ్రిజ్‌లో పడుకున్న సీసా కూడా నా దగ్గరే ఉంది గదా. అది ఆ సాయంత్రమంతా కిమ్మనలేదు. మర్నాటికి గానీ నోరు విప్పలేదు. రక్తం ముందు తీసింది దానికే. అది అరిచినప్పుడు కూడా శకుంతలాబాయి దిగి వచ్చింది. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. పైకి వెళ్ళి ఫ్రిజ్ మీది ఆ తెల్లకాగితం పీకేసి, తన చేత్తో తనే ఇంకో కాగితం రాసి అంటించిందట. "తోడు పెట్టిన సీసలు ఇందుల పెట్టొద్దు." ఆ నోటీసును మాత్రం ఎవరినీ తుడవనివ్వలేదు.

పోశెట్టి జ్వరం నెమ్మదిగా దిగింది. భార్యను గుర్తుపట్టాడు. గుర్తుపట్టిన తర్వాత మొట్టమొదట తెలుసుకున్న సంగతి, తన సెగ్గడ్డ ఎక్కడ లేచిందో ఆస్పత్రిలో స్వీపరు దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ తెలిసిపోయిందని. రోజుకు రెండుపూటలా అందరిముందూ బోర్లా పడుకోబెట్టి కట్టు కట్టేవారు. మొహం దిండులో పెట్టుకుని, "నన్ను ఎందుకు బతికించిన్రు" అన్నాడట. "పెరుగు తినెటందుకు" అందట శకుంతలాబాయి, కట్టు కాస్త గట్టిగా బిగించి.

ఆ తర్వాత ఆస్పత్రి భాషే మారిపోయింది. రక్తం సీసా పంపితే కల్చర్ పంపామనరు, "ఏడో మంచానికి తోడేసినం" అంటారు. నేను అరిస్తే "ఏడో మంచం తోడుకున్నది" అంటారు. ఒకసారి హైదరాబాదు నుంచి ఒక పెద్దడాక్టరుగారు తనిఖీకి వచ్చారు. వార్డులో నిలబడి ఏదో అడుగుతుండగా ఒక నర్సు పరుగున వచ్చి, "సార్, మూడో మంచం పొద్దటికే తోడుకున్నది, గట్టిగనే ఉన్నది" అంది. ఆయన మూడో మంచం మీది ముసలాయనను ఎగాదిగా చూసి, కొంచెం దూరం జరిగి నిలబడ్డారు. తర్వాత నిఖత్ విడమరచి చెబితే, రక్తం తీసిన సీసా ఇక్కడ ఎంత తొందరగా యంత్రంలోకి చేరుతోందో చూసి, తమ ఆస్పత్రిలో కూడా ఇంత తొందరగా చేరదని ఒప్పుకున్నారు. నాకది ముందే తెలుసు. నేను అక్కణ్ణుంచి వచ్చినదాన్నే గదా.

ఇప్పుడు నేను వయసుడిగినదాన్ని. ఈమధ్య కొత్త యంత్రం వచ్చింది. నాలో సగం కూడా ఉండదు. నేను ఎవరో దూరారని మాత్రమే అరవగలను, అది దూరినవాడి పేరు, ఇంటిపేరు కూడా గంటలో చెప్పేస్తుందట. చెప్పనీ. మంచిదే. దానికి కూడా ముందు ఒక వెచ్చటి సీసా, వెంటనే తెచ్చే మనిషీ కావాలి, ఆ ఏర్పాటు నా హయాంలోనే జరిగిపోయింది. నా ఊయల విరిగింది, చూపు మందగించింది. నా ఒంటి మీద పనికిరాదని రాసి, క్యాంటీన్ పక్క వరండాలోకి తోశారు. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి తూకం వేసి తీసుకుపోతారట.

కానీ నా వేడి పోలేదు. పోశెట్టికి ఆ సంగతి తెలుసు. వరండాలోకి వైరు లాగి నాకు ప్లగ్గు పెట్టాడు. ఇప్పుడు గిన్నె నెత్తిన కాదు, కడుపులోనే పెడుతున్నాడు. పదవి పెరిగినట్టా తగ్గినట్టా నేను తేల్చుకోలేదు. గిన్నె కూడా పెద్దదైంది. శకుంతలాబాయికీ నిఖత్‌కూ అందులో వాటా ఉంది.

మొన్న చలికి ఇంకా పెద్ద గిన్నె తెచ్చాడు. దాని అంచు అడ్డం తగులుతున్నా నా తలుపు అదిమి మూసి పోయాడు, మధ్యాహ్నానికి అది జారి తెరుచుకుంది. తలుపు సరిగా పడకపోతే అరవడం నాకు పుట్టుకతో వచ్చిన గుణం. వెంటనే గొంతు విప్పాను. అదే కూత, ఆ ఇంజనీరు ఏరి కోరి పెట్టినది.

ముందు మెట్ల మీద చప్పుడైంది. శకుంతలాబాయి, ఒక కాలికి చెప్పు ఉంది, రెండో కాలికి లేదు. ఆమె వెనక ఇద్దరు నర్సులు. ల్యాబులోంచి నిఖత్, చేతికి తొడుగులతో. క్యాంటీన్‌లోంచి పోశెట్టి, ఇప్పటికీ కాస్త ఒక పక్కకు ఒరిగి పరిగెత్తుతూ. అందరూ ఒక్కసారే వచ్చి నా ముందు నిలబడి, రొప్పుతూ, నా తలుపు తీసి లోపలికి చూశారు. గిన్నెడు పెరుగు.

శకుంతలాబాయి గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకుని, "తోడుకున్నదా అన్నా?" అంది.

పోశెట్టి వేలు పెట్టి చూశాడు. "తోడుకున్నది."

చెంచాలు తెచ్చుకుని వరండాలోనే తినేశారు. పోశెట్టి కూర్చునే తిన్నాడు. పాత ఇనుమువాళ్ళు రేపో మాపో వస్తారంటున్నారు. రానీ. వాళ్ళు నన్ను ఎత్తబోయినప్పుడు నా తలుపు ఎలాగూ తెరుచుకుంటుంది, అప్పటికి వైరు పీకకుండా ఉంటే ఇంకొక్కసారి అరుస్తాను. ఎవరెవరు పరిగెత్తుకొస్తారో నాకు తెలుసు.